రొయ్యల షెడ్డులో స్తుతి ప్రార్థన

రొయ్యల తలలు తీసే మా షెడ్డులో, పని మొదలయ్యే ముందు ప్రార్థన చేసేది నేనే. అక్కడున్న ఆడవాళ్లందరిలో పెద్దదాన్ని.

ఆ ఉదయం సూపర్‌వైజర్ పెంచలయ్య స్వీట్ల పెట్టెతో వచ్చాడు.

"అక్కా, కొరియాతో ఒప్పందం కుదిరిందంట. మన రొయ్యలకి ఇంక అక్కడ సుంకం లేదు. ఓనరు ఇవి పంపినాడు. ముందు స్తుతి ప్రార్థన చెయ్యక్కా."

నా చెల్లెలు ఫ్లోరా ఒక గ్లౌజు తీసింది. ఐసులో నాని, రొయ్య ముళ్లు గుచ్చుకుని పగిలిన వేళ్లు.

"వీటి సంగతి కూడా చెప్పక్కా దేవుడికి. ఇంక ఏడాదంతా పనే కదా. మా ఇంటాయన మందులు ఆగవు."

భర్త మంచం పట్టినప్పటి నుంచి ఈ కూలితోనే ఇల్లు నడుపుతోంది.

కళ్లు మూసుకున్నాను. రెండు దేశాలనూ కలిపిన ప్రభువుకు స్తోత్రం చెప్పాను. ఈ చేతులకు కాస్త విశ్రాంతి ఇమ్మని అడిగాను. అందరూ ఆమెన్ అన్నారు.

పెంచలయ్య పెట్టె మూత తీశాడు గానీ ఎవరి ముఖమూ చూడలేదు.

"ఇంక మన సరుకంతా కొరియాకే. వాళ్లకి రొయ్య తలకాయతోనే కావాలంట. రొయ్యల గుంట కాడే కడిగి, ఐసు పెట్టి పంపేస్తారు. రేపట్నుంచి ఈ షెడ్డు ఉండదక్కా. ఆ మాట కూడా చెప్పమన్నాడు ఓనరు."

ఎవరూ స్వీటు తీసుకోలేదు. ఫ్లోరా రెండో గ్లౌజు కూడా తీసి, రెంటినీ మడిచి నా చేతిలో పెట్టింది.

"నువ్వడిగిన విశ్రాంతే ఇచ్చినాడులే అక్కా," అంది.