పక్క డబ్బా

ఫోన్‌లో అలారం మోగగానే నీలవేణి పెన్సిల్ విసిరికొట్టింది. గంటలో అరవై ప్రశ్నలు చెయ్యాలి. ముప్పై ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. ఫిట్టర్ అప్రెంటిస్ పరీక్ష పోయినసారి తప్పింది కూడా ఇలాగే.

"గీ గేర్ల లెక్క మస్తు సతాయిస్తున్నదమ్మా! ఎటు తిరుగుతయో తేలేదాక పేజీ తిప్పబుద్ధి గాదు."

నాచారం మందుల కంపెనీలో డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన ఐలమ్మ చెప్పులు విడుస్తూ అంది. "ఇడిసిపెట్టి ముందుకు పోరాదు?"

"నీకేం తెల్సు? సదువు రానిదానివి!"

ఐలమ్మ ముఖం చిన్నబోయింది. కొంగుతో మెడ తుడుచుకుంది.

"సదువు రాదు బిడ్డా. మా బెల్టు మీద గోలీల షీట్లు వస్తనే ఉంటయి. డౌటొచ్చినదాన్ని పక్క డబ్బాల ఏస్త, ఆఖరికి సూస్త. దాన్నే వట్టుకొని కూసుంటే బెల్టు ఆగుతదా?"

నీలవేణి మంచం కిందికి పోయిన పెన్సిల్ తీసుకుని, కొత్త పేపరు ముందేసుకుంది. అందులోనూ గేర్లు వచ్చాయి. పళ్లు కొరుకుతూ పక్కన చుక్క పెట్టి ముందుకు కదిలింది.

అరవయ్యో ప్రశ్న దాటేసరికి ఇంకా ఆరు నిమిషాలు మిగిలాయి.

"అయిందా బిడ్డా?" వంటింట్లోంచి అడిగింది ఐలమ్మ.

"లేదమ్మా. డబ్బాల తొమ్మిదున్నయి. సూస్తున్న."