కింది వాటా ఆవిడ

పాలగిన్నె ఫైలు మీద దించినందుకు పొద్దున్నే అత్తాకోడళ్లకు మాటామాటా వచ్చింది.

గిన్నె అడుగు తడిగా ఉండి ఫైలు అట్ట మీద గుండ్రంగా మరక పడింది. కోడలు దాన్ని కొంగుతో అద్దుతూ, ఇల్లంతా ఉండగా దించడానికి ఇదే దొరికిందా అంది. బల్లంతా కాగితాలు పరిచి కూర్చుంటే గిన్నె నెత్తిన పెట్టుకోనా అంది అత్తగారు. ఆడపడుచు గిన్నె ఎత్తుకెళ్లి స్టవ్వు మీద పెట్టాక గాని మాటలు ఆగలేదు.

ఆ ఫైల్లో ఉన్నది కోడలి కాపురం.

మొగుడు పరాయి దేశం వెళ్లి పధ్నాలుగు నెలలైంది. భార్యను రప్పించుకుంటానని అక్కడ అర్జీ పెట్టాడు. పెళ్లి నిజమైనదేనని రుజువులు పంపమన్నారు అక్కడి ఆఫీసువాళ్లు. పెళ్లి ఫొటోలు, ఫోన్ బిల్లులు, అద్దె కాగితం, అన్నీ కుదిరాయి. ఇద్దరూ కలిసి కాపురం చేయడం కళ్లారా చూసిన బయటి మనిషి ఒకరు ప్రమాణం చేసి రాసివ్వడమే మిగిలింది.

చూసిన మనిషి ఒక్కతే. వాళ్లు ఎనిమిది నెలలు అద్దెకున్న పై వాటాకి కింద కాపురముండే ఇంటి ఓనరావిడ.

మొగుడూ పెళ్లాలు ఆవిడకు పెట్టుకున్న పేరు సీసీ కెమెరా. బకెట్టు చప్పుడును బట్టి ఎన్ని నీళ్లు పోసుకున్నారో చెప్పేసేది. మన కూరలో ఉప్పు తగ్గినా ఆవిడకు కింద తెలిసిపోతుందని అతను నవ్వేవాడు. ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "రాత్రి అబ్బాయి అన్నం తినకుండా పడుకున్నాడేం?" అని అడిగేసరికి కోడలికి ఒళ్లు మండింది. మా కాపురంలోకి తొంగిచూడ్డం మానేసి మీ పని మీరు చూసుకోండి అనేసింది. ఆ నెలాఖరుకే ఇల్లు ఖాళీ చేశారు.

ఇప్పుడు వెళ్లి ఆవిడ గడ్డం పట్టుకోవడమంటే కోడలికి ప్రాణం మీదికొచ్చింది.

"కూడబలుక్కుని పేరు రాసుకునే మనిషి. ఆవిడ సంతకానికి విలువేముంది?" అంది అత్తగారు. "మా అన్నయ్య స్నేహితుడు ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యారు. ఆయన రాస్తే దానికో బరువు."

ప్రిన్సిపాల్‌గారు ఆ మెట్లు ఏనాడూ ఎక్కలేదు. అయినా కోడలు చెబుతూ ఉంటే, ప్రతి ఆదివారం ఆ ఇంట భోజనం చేసేవాణ్ణనీ, ఆ జంటను చూస్తేనే కడుపు నిండేదనీ రెండు పేజీలు రాసిచ్చారు. చూడకుండానే ఇంత రాశారు, చూసుంటే గ్రంథమయ్యేదని ఆడపడుచు నవ్వింది. కోడలూ నవ్వింది. పెళ్లి నిజమే కదా, సాక్షి ఎవరైతేనేం అనుకుంది.

ఫైలు వెళ్లిన నెలన్నరకు ఒక మధ్యాహ్నం బెల్లు మోగింది.

కోడలు కిటికీ తెర పక్కకు తీసి చూసింది. సీసీ కెమెరా. అద్దె కాగితంలో రాసిన ఈ ఇంటి అడ్రసు పట్టుకుని వచ్చినట్టుంది. గొడుగు మీద ఒరిగి ఆయాసపడుతోంది.

"నేను లేనని చెప్పు," అని ఆడపడుచును ముందుకు తోసి, తలుపు వెనక నిలబడింది.

వదిన ఊళ్లో లేదంది ఆడపడుచు.

"ఫోన్ నంబరన్నా ఇవ్వమ్మా. ఒక్క ముక్క అడగాలి. రేపటిలోగా అడగాలి."

నంబరు మారింది, కొత్తది తనకు తెలీదంది ఆడపడుచు.

తలుపు కింది సందులో పాదాలు కనబడ్డాయో ఏమో, ఆవిడ చూపు కాసేపు నేల మీదే ఆగింది. "సరేలే. ఇద్దరూ బాగున్నారుగా?" అని, జవాబు కోసం చూడకుండా ఒక్కో మెట్టే దిగి వెళ్లిపోయింది.

"ఇంకా ఆరాలే," అంది కోడలు గడియ వేస్తూ.

పై నెలలో అర్జీ కొట్టేసినట్టు ఉత్తరం వచ్చింది. ఆడపడుచు మొదటి పేజీ పైకి చదివింది. అద్దె కాగితంలోని నంబరుకు ఫోన్ చేసి ఇంటి యజమానురాలిని విచారించగా, ప్రిన్సిపాల్ సాక్ష్యం అబద్ధమని తేలిందట. మిగతాది చదవనిచ్చినవాళ్లు లేరు. పగబట్టిన పాము అని అత్తగారు తిట్టింది. ఇల్లు వెతుక్కుంటూ వచ్చి చూసిపోయి మరీ కాటేసిందని ఆడపడుచు వంతపాడింది. కోడలు ఏడుస్తూ ఇద్దరికంటే ఎక్కువ తిట్టింది.

మర్నాడు భోజనాల దగ్గర, అందరికీ వడ్డించాక, అత్తగారు గరిటె పక్కన పెట్టింది.

"అబ్బాయి పొద్దున ఫోన్ చేశాడు. ఇంక అర్జీ పెట్టడట. దొంగసాక్ష్యం ముద్ర పడ్డాక మళ్లీ కదిపితే తన ఉద్యోగానికే ముప్పట. నిన్ను మీ పుట్టింట్లో దింపి రమ్మన్నాడు."

"నాతో చెప్పలేదేం అత్తయ్యా?"

"నోరు రాలేదట."

కోడలు కంచంలో చెయ్యి అలాగే ఉంచి, ఎడమచేత్తో ఉత్తరం లాక్కుంది. తన కాపురం కూల్చడానికి ఆ మనిషి ఇంకేం చెప్పిందో చూద్దామని రెండో పేజీ తిప్పింది.

ప్రిన్సిపాల్ సంగతి మొదటిసారి అడిగినప్పుడు ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. ఒక్క రోజు గడువు అడిగింది. ఆ తేదీ, ఆవిడ ఈ గుమ్మంలో నిలబడ్డ రోజు. అటువంటి మనిషిని తానెన్నడూ చూడలేదని చెప్పింది మర్నాడు.

కింద ఇంకా ఉంది. భార్యకు జ్వరమొస్తే భర్త నాలుగు రోజులు పని మానుకుని తలకు తడిగుడ్డలు వేశాడని చెప్పింది. అలిగితే మూడో మెట్టు మీద కూర్చునేవాడని, ఆ పిల్ల వచ్చి పిలిచేదాకా కదిలేవాడు కాదని, పిలవకుండా ఎక్కువసేపు ఉండలేకపోయేదని చెప్పింది.

ఈ పెళ్లి నిజమని నమ్మడానికి ఆమె మాట ఒక్కటే సరిపోయేదని, ఆ అబద్ధపు కాగితం జతచేయకపోయి ఉంటే అర్జీ మంజూరయ్యేదని చివర రాసి ఉంది.