రొట్టె మీద ఒట్టు

"ఫైనల్ రేపే. నా కూతురు ఆడొచ్చా? ఒక్క మాట చెప్పు షోల్పాన్."

వాలీబాల్ కోచ్ జోల్దాస్ బతిమాలడం షోల్పాన్ వినడం ఇదే మొదటిసారి.

పన్నెండేళ్ల కిందట ఆమె అతని శిష్యురాలు. చీలమండ బెణికిన మూడో రోజే పట్టీ బిగించి కోర్టులోకి తోశాడు. "ఏడుపులు ఇంట్లో పెట్టుకో" అన్నాడు. కప్పు గెలిచాడు. ఆమె కాలు మాత్రం మళ్లీ నిలవలేదు. మెట్ల మీద మడత పడేది, మంచు మీద మడత పడేది. పంతొమ్మిదేళ్లకే ఆట ముగిసింది.

ఇప్పుడామె తరాజ్ ఊరి క్రీడా పాఠశాలకు డాక్టరు. ఆమె సంతకం లేనిదే ఎవరూ ఆడరు.

జోల్దాస్ కూతురు తోమిరిస్‌కు కాలు బెణికి పది రోజులు. ఆ పిల్ల లేకపోతే జట్టు గెలవదు. జట్టు గెలవకపోతే జోల్దాస్ ఉద్యోగం ఉండదు.

అతను సంచిలోంచి రొట్టె తీశాడు.

"నీకు నా మీద పగ. తెలుసు. మానని కాలికి మానిందని సంతకం పెట్టి, నా పిల్లను కుంటిదాన్ని చెయ్యకు. పట్టుకుని ఒట్టెయ్యి."

ఆ ఊళ్లో రొట్టె పట్టుకుని ఎవరూ అబద్ధమాడరు.

షోల్పాన్ పట్టుకుంది. "అబద్ధమాడితే ఈ రొట్టె నన్ను కొట్టనీ మాస్టారూ."

తోమిరిస్‌ను లోపలికి తీసుకెళ్లి తలుపేసింది. ఒంటికాలి మీద నిలబెట్టి, కళ్లు మూసుకోమంది. మానని కాలైతే పది సెకన్లు కూడా ఊగకుండా నిలవదు. గడియారం చూసింది.

"ఆడతానక్కా. నాన్నకు చెప్పవా?"

"ఆడాలని అందరికీ ఉంటుందే పిల్లా."

బయటికొచ్చింది. "ఆరు వారాలు కోర్టులోకి దిగకూడదు."

"వాపే లేదుగా!"

"వాపు పోతే లిగమెంటు అతికినట్టు కాదు. మానకముందే దింపితే జన్మంతా బెణుకుతూనే ఉంటుంది. నన్ను చూడండి."

జోల్దాస్ చాలాసేపు ఆమె కాలి వంకే చూశాడు. తల వంచుకున్నాడు.

మర్నాడు జట్టు రెండు పాయింట్ల తేడాతో ఓడింది. తోమిరిస్ బెంచీ మీద వెక్కివెక్కి ఏడ్చింది. షోల్పాన్ మొదటి వరుసలో కూర్చుని ఆఖరి పాయింటు దాకా కళ్లార్పకుండా చూసింది.

సోమవారం జోల్దాస్‌ను తీసేశారు.

వెళ్లిపోయే ముందు అతను ఆమె గదికొచ్చాడు. అందరి ఎదుటా ఆమె భుజాల మీద జరీ అంగీ కప్పాడు. పెద్దలకు చేసే మర్యాద అది.

"నేను నీ కాలు తీశాను. నువ్వు నా కూతురి కాలు నిలబెట్టావు తల్లీ" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఆ రోజు తలుపేసిన గదిలో తోమిరిస్ కళ్లు మూసుకుని, బెణికిన ఆ ఒక్క కాలి మీదే, నిండా నిమిషంపాటు ఇసుమంతైనా ఊగకుండా నిలబడింది.