గట్టిమేళం ఫొటో

నాదస్వరం కరీముల్లా కన్నుమూసిన రోజు ఇంట్లో గోడ మీద ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఇప్పుడు ఫోన్ నిండా ఫొటోలే. ఇందుకూరుపేట చుట్టుపక్కల ఎవరెవరో పంపినారు. వాటిలో ఏది మంచిదో తేలక అన్నాచెల్లెళ్ళకు పొద్దుటినుంచి వాదన.

కూతురు షమా బళ్ళో టీచరు. నాయన జీవితం గురించి ఇంటర్నెట్‌లో ఒక పేజీ రాసింది. అంతా సిద్ధం. పేజీ తెరవగానే అందరికీ కనిపించే ఫొటో ఒక్కటే మిగిలింది.

“మంత్రిగారు శాలువా కప్పిందే పెట్టు,” అన్నాడు హబీబ్. “నాయన గొప్పేందో లోకానికి తెలియాల.”

“అందులో మంత్రిగారే కనపడతన్నాడు గదన్నా. నాయన శాలువాలో మునిగిపోయినాడు.”

రొయ్యలు ఒలుస్తున్న తల్లి బడేబీ చేతులు కడుక్కొని వచ్చి ఫోన్ అందుకుంది. ఒక్కో ఫొటో జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

“ఇది పెట్టండి.”

వెంకటశేషమ్మ గారు తన పెళ్లి ఆల్బంలోంచి పంపిన ఫొటో అది. పెళ్లికొడుకు తాళి కడుతున్నాడు. వెనక కరీముల్లా బుగ్గలు పూరించి వాయిస్తున్నాడు. మెడ నరాలు పైకి తేలినాయి. చూపు పెళ్లిపీటల మీద లేదు, పందిరి బయటికెక్కడికో పోతోంది. కళ్ళ నిండా నీళ్ళు.

హబీబ్ తల పట్టుకున్నాడు. “ఇదేందమ్మా! ఎవరో కొట్టి వాయించమన్నట్టుండాడు. జనం నవ్వరా?”

“నవ్వితే నవ్వనీ. మీ నాయన ఇంత బాగా ఏనాడూ వాయించలా.”

“ఓహో, ఫొటోలో నీకు పాట గూడా వినపడతాందా?”

“పాట కాదురా, గట్టిమేళం. మీరిద్దరూ పుట్టకముందుది. ఆ రోజు వీధి వీధంతా అదిరింది.”

గట్టిమేళం సంగతి షమాకు తెలుసు. తాళి కట్టే క్షణాన తుమ్ముగానీ ఏడుపుగానీ వధూవరుల చెవిన పడకూడదని మేళగాళ్ళు ఒక్కసారిగా హోరెత్తిస్తారు.

“ప్రతి పెళ్లిలో వాయించేదే గదమ్మా,” అంది. “వీధి అదిరేట్టు వాయించాల్సినంత ఏడుపు ఆ పందిట్లో ఎవరు ఏడ్చినారు?”

బడేబీ కొంగు తల మీదికి లాక్కుంది. నిటారుగా కూర్చుంది.

“నేనే. మీ నాయనమ్మ పోయిందని చెప్పడానికి పరిగెత్తుకొచ్చినా. నన్ను చూసినాడు. సంగతి అర్థమయింది. అయినా మూడు ముళ్ళూ పడేదాకా నాదస్వరం నోటి నుంచి దించలా. ఆ పెళ్లికూతురికి ఈ రోజుకీ తెలియదు.”

హబీబ్ అమ్మ చేతిలోని ఫోన్ తీసుకొని చెల్లెలి చేతికిచ్చాడు.

షమా ఆ ఫొటోనే పెట్టింది. దాని కింద రాయాల్సిన ఒక్క వాక్యం మాత్రం, వెంకటశేషమ్మ గారు చదువుతారని, ఇంకా రాయలేదు.