కూజాలో నీళ్లు

"ఆ నీళ్లు ముందు తమరు ఒక గ్లాసు పుచ్చుకోండి మేనేజరు గారండీ. పెద్దవారు. తమరి తర్వాతే మేమందరం."

పంచాయతీ ప్రెసిడెంటు బుల్లియ్య రెండు చేతులూ జోడించి మరీ అన్నాడు. మండపేట నుంచి అద్దెకి తెచ్చిన షామియానా కింద ఊరు ఊరంతా కిసుక్కుమంది. మర్యాద మర్యాదే, వెటకారం వెటకారమే!

మందుల ఫ్యాక్టరీ మేనేజరు చంద్రరావు లేని నవ్వు తెచ్చుకున్నాడు. ఎదురుగా లారీ మీద గదంత మిషన్. ఫ్యాక్టరీ మురుగునీళ్లు ఒక గొట్టంలోంచి లోపలికి పోతున్నాయి, ఇంకో గొట్టంలోంచి తేటగా బయటికొస్తున్నాయి. ఆ తేటనీళ్లు డ్రెయిన్లోకి వదలడానికి ఊరు ఇవాళ సంతకాలు పెడితే సరేసరి. పెట్టలేదా, రేపు పొద్దున్నే ఫ్యాక్టరీకి తాళం, చంద్రరావు ఉద్యోగానికి నీళ్లొదులుకోవడం. ఏమైందంటూ హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి ఇప్పటికే నాలుగుసార్లు సెల్‌ఫోను మోగింది.

"ఇవి తాగే నీళ్లు కాదండీ," అంది మిషన్‌తో పాటు వచ్చిన సైంటిస్టు ఫణిశ్రీ, కంగారుగా. "డ్రెయిన్లోకి వదిలేవి. మందుల తయారీలో వాడే సాల్వెంటనే రసాయనం ఈ మురుగులో కలిసుంటుంది. మిషన్లో రేడియేషన్ తగలగానే అది ముక్కలు ముక్కలైపోతుంది. అంతే."

"రేడియేషనంటే బాంబుల్లో ఉండేదే కదమ్మా?" అంటూ అప్పాయమ్మ లేచింది. ఆవిడ గేదె కిందటేడు ఆ డ్రెయిన్లో నీళ్లు తాగే పోయింది. "సాల్వెంటుకి గేదె పోయింది. ఇక ఈ కిరణాలకి నేను పోవాలా?"

"అయ్యో మామ్మగారూ! స్విచ్చి ఆపేస్తే లైటు ఆరిపోదూ? ఇదీ అంతే. నీళ్లలో ఏమీ మిగలదు."

"చూశారా, మేడం గారే సెలవిచ్చారు, ఏమీ మిగలదని," బుల్లియ్య అందుకున్నాడు. "డ్రెయిన్లోంచి మన పొలానికొచ్చి మంచి చేసే నీళ్లు మేనేజరు గారికి చెడు చేస్తాయేంటండీ? ఒక్క గ్లాసు పుచ్చుకోండి చాలు. ఊరంతా సంతకం పెట్టేస్తుంది."

"ఒక్కటేంటండీ? రెండు గ్లాసులు తాగుతా!" అనేశాడు చంద్రరావు, రోషం పొడుచుకొచ్చి.

అన్నాక గుండెల్లో రాయి పడింది. ఆ మిషన్ తెప్పించింది తనే, దాన్ని పొగుడుతూ కరపత్రాలు పంచింది తనే. అయినా దాని మీద తనకే ఆవగింజంత నమ్మకం లేదు. పెళ్లాం బిడ్డలున్నవాడు, కిరణాలు తగిలిన నీళ్లు ఎలా తాగుతాడు పాపం!

అటెండరు అబ్బుల్ని పక్కకి లాగాడు. ఇరవయ్యేళ్ల సర్వీసున్న మనిషి, కనుసైగ చేస్తే అల్లుకుపోయే రకం.

"కూజా నిండా మంచినీళ్లు పట్టుకురా," అన్నాడు చెవిలో. "మిషన్ నీళ్లు కాదు. మంచినీళ్లు. అర్థమైందా?"

"ఆయ్, అర్థమైందండి!" అన్నాడు అబ్బులు, కన్నుగీటి మరీ.

బుల్లియ్య మైకు పట్టుకుని ఊరి కష్టాలు ఏకరువు పెట్టేలోగా అబ్బులు వెళ్లనూ వెళ్లాడు, రానూ వచ్చాడు. లారీ వెనక నుంచి, అప్పుడే గొట్టం కింద పట్టినట్టు కూజా అంచు తుడుచుకుంటూ వచ్చాడు. ఆ నటన చూసి చంద్రరావుకి ముచ్చటేసింది.

మొదటి గ్లాసు గటగటా తాగాడు. రెండోది తీరిగ్గా, ఒక్కో గుక్కా చప్పరిస్తూ తాగాడు.

"అమృతమండీ!" అన్నాడు మూతి తుడుచుకుని.

జనం చప్పట్లు కొట్టారు. అప్పాయమ్మ కూడా ముక్కున వేలేసుకుంది. బుల్లియ్య పెన్ను తీసి, మళ్లీ ఆగాడు.

"మరేం అనుకోకండి. నీళ్లలో ఏమీ లేదని మేడం గారు ఒక్క కాగితం ముక్క ఇచ్చేస్తే, దాని కిందే సంతకాలు పెట్టేస్తాం."

"ఓస్, ఇంతేనా!" చంద్రరావు కూజా ఎత్తి ఫణిశ్రీ చేతిలో పెట్టాడు. "వేరే నీళ్లెందుకండీ? నేను తాగినవే అందరి ముందూ పరీక్ష చెయ్యండి!"

మంచినీళ్లలో సాల్వెంటు సున్నా అని రాక ఛస్తుందా? తన తెలివికి తనే మురిసిపోయాడు. ఫణిశ్రీ కూజా తీసుకుని లారీ పక్కనున్న పరీక్షల వ్యానులోకి వెళ్లింది. ఈలోగా చంద్రరావు అందరికీ పూతరేకులు పంచిపెట్టించాడు.

అరగంటకి ఫణిశ్రీ కిందికి దిగింది. కాగితం పట్టుకుని నేరుగా చంద్రరావు దగ్గరికొచ్చింది.

"సార్... సాల్వెంటుంది సార్. తాగే నీళ్లలో ఉండదగినదానికి ఇరవై రెట్లుంది." ఆ పిల్లకి ఏడుపొక్కటే తక్కువ. "మూడుసార్లు చూశాను. మా మిషన్ ఇంతవరకూ ఎక్కడా ఇలా తప్పలేదు సార్. అయ్యో, మీరు రెండు గ్లాసులు తాగేశారే!"

చంద్రరావు పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో పూతరేకు జారి కింద పడింది. అంటే అబ్బులుకి తన మాట బోధపడలేదన్నమాట! ఆ పిల్ల పొగడ్తలు విని, ఆ మాయదారి మిషన్ నీళ్లే మంచినీళ్లనుకుని పట్టుకొచ్చేశాడన్నమాట! ఊరంతా చూస్తోందన్న సంగతే మరిచిపోయి ఒక్క గెంతులో వెళ్లి అబ్బులు కాలరు పట్టుకున్నాడు.

"మంచినీళ్లు తెమ్మంటే మిషన్ నీళ్లు పోస్తావట్రా? చంపేశావు కదరా నన్ను!"

బుల్లియ్య నోట్లో పూతరేకు నోట్లోనే ఉండిపోయింది.

"అయ్యయ్యో! ఆ మిషన్ గొట్టం ముట్టుకుంటే ఒట్టండి బాబూ!" అబ్బులు లబలబలాడాడు. "తమరి క్వార్టర్సుకెళితే అమ్మగారే దగ్గరుండి పోశారండి. మన ఫ్యాక్టరీ బోరు నీళ్లు, మూడేళ్ల నుంచీ తమరు ఇంటిల్లిపాదీ తాగుతున్నవేనండి!"