పదహారో సీటు

న్యామ్ అమ్మ తన కొడుకు లుయెన్ సంచి సర్దుతోంది.

రెండు చొక్కాలు, అగరొత్తుల కట్ట, సిగరెట్ పెట్టె, ఆకులో చుట్టిన జిగురన్నం పొట్లాలు రెండు. అన్నిటికీ పైన మడత విప్పని ఎర్ర గుడ్డ. ఎముకలు దొరికితే చుట్టి తేవడానికి.

"కిందటేడూ ఇదే పెట్టావమ్మా," అన్నాడు లుయెన్.

"వాడని గుడ్డ పాతబడుతుందిట్రా?"

లుయెన్ ఆ ఉత్తరాది ఊళ్ళో మాజీ సైనికుల సంఘం శాఖకు అధ్యక్షుడు. ప్రతి జూలైలోనూ శాఖవాళ్ళు వ్యాన్ కట్టించుకుని క్వాంగ్‌ట్రి వెళతారు. ఉత్తరానికీ దక్షిణానికీ జరిగిన యుద్ధంలో పోయిన ఊరివాళ్ళ సమాధుల దగ్గర అగరొత్తులు వెలిగించి వస్తారు. 1972లో అక్కడే పోయిన లుయెన్ అన్న తాక్ సమాధి మాత్రం ఏ వరసలోనూ లేదు.

నలభై ఏళ్ళుగా న్యామ్ అమ్మ పూటపూటా తాక్‌కి ఒక గిన్నె అన్నం పెడుతూనే ఉంది. ఇప్పుడామెకు ఎనభై ఏడు. ఈ వానలు దాటడం కష్టమన్నాడు డాక్టరు.

గుమ్మంలో ఎవరో దగ్గారు.

ఖియెత్. మూడు నెలల కిందట దక్షిణం నుంచి వచ్చి, సంత దగ్గర కత్తులు సానబడుతున్న ముసలివాడు.

"అధ్యక్షుడుగారూ, వ్యాన్‌లో ఒక సీటు మిగిలిందట. బాక్‌గారికి కాలు వాచిందని ఊరి మైకులో చెప్పారు."

"అది కూడా చెప్పారూ?" అన్నాడు బాక్. వాచిన కాలు స్టూలు మీద పెట్టుకుని అక్కడే టీ తాగుతున్నాడు.

"సీట్లు సభ్యులకండీ," అన్నాడు లుయెన్. "మీ సైన్యం కాగితాలున్నాయా?"

"లేవు."

"ఏ దళంలో చేశారు?"

"నేనప్పుడు అక్కడ ఉన్నాను."

"ఏడాదికొకరు వస్తారు, అక్కడున్నామంటూ. చివరికి పింఛను అర్జీ మీద సంతకం పెట్టమంటారు."

"నాకు పింఛను వద్దు. పాత తూము పక్కన ఒక చోటు చూపించి దిగిపోతాను. లోహం కనిపెట్టే యంత్రం ఒకటి తెప్పించండి. గంటలో పని అయిపోతుంది."

లుయెన్ టీ కప్పు కింద పెట్టాడు.

"లోహమా? మన కుర్రాళ్ళ దగ్గర లోహమెక్కడిది? పేరూ ఊరూ రాసిన కాగితం, అది పెట్టుకోవడానికి చిన్న మందు సీసా. అంతే. మెడలో రేకు బిళ్ళలు అవతలివాళ్ళకి ఉండేవి. నిజంగా అక్కడున్న మనిషికి ఆమాత్రం తెలీదా?"

ఖియెత్ నోరు తెరిచాడు. న్యామ్ అమ్మ వైపు చూశాడు. మూసేశాడు.

"కత్తులతోపాటు అబద్ధాన్నీ సానబట్టుకు రావాల్సింది అన్నా," అన్నాడు బాక్.

"అయినా ఆ సీటు ఇచ్చేశాం," అన్నాడు లుయెన్. "జిల్లా నుంచి ఒకావిడ వస్తోంది. చనిపోయినవాళ్ళతో మాట్లాడుతుంది."

ఖియెత్ తలూపి వెనక్కి తిరిగాడు.

న్యామ్ అమ్మ సంచిలోంచి ఒక పొట్లం తీసి గుమ్మం దాకా వెళ్ళింది.

"భోంచేశావా నాయనా?"

"తిన్నానమ్మా."

"అబద్ధాలాడకు. పట్టుకెళ్ళు."

అతను రెండు చేతులతో అందుకున్నాడు.

"ఇంకొక్కరు సర్దుకోలేరుట్రా?" అందామె లోపలికొచ్చి.

"పదహారు సీట్లేనమ్మా."

క్వాంగ్‌ట్రిలో ఆవిడ కళ్ళు మూసుకుని తామర మడుగు గట్టు చూపించింది. నాలుగు గోతులు తవ్వారు. చెట్టు వేర్లు వచ్చాయి. నాలుగో రోజున లుయెన్ గుప్పెడు మట్టితో ఇంటికొచ్చాడు. ఎర్ర గుడ్డ మడత మడతగానే ఉంది.

న్యామ్ అమ్మ తాక్ గిన్నె ఎప్పటి చోటనే పెట్టింది.

"కత్తులబ్బాయి కనబడడేం?"

"ఇంకో ఊరు చూసుకుని ఉంటాడు పిన్నీ," అన్నాడు బాక్. "ఇక్కడ మనం పట్టేశాంగా."

ఆగస్టు రెండున క్వాంగ్‌ట్రి నుంచి, ఏదో ఊరి కార్యాలయం వాళ్ళు ఫోన్ చేశారు. పాత తూము పక్కన ఒక ముసలివాడు చనిపోయి ఉన్నాడు. ఎండదెబ్బ. నడుం లోతు గొయ్యి ఒక్కడే తవ్వాడు. జేబులో లుయెన్ పేరూ చిరునామా ఉన్నాయి.

లుయెన్ అదే సంచితో బయల్దేరాడు.

గొయ్యి అంచున ఆకు పరిచి ఉంది. ఆకులో ఎండిపోయిన జిగురన్నం, పక్కన కాలిపోయిన అగరొత్తి పుల్ల. అన్నం ఎవరూ ముట్టలేదు.

గోతిలో ఎముకలు. పక్కటెముకల మధ్య రబ్బరు బిరడా ఉన్న మందు సీసా.

లుయెన్ బిరడా తీశాడు. కాగితం అంచులు నల్లబడ్డాయి. పేరు చదవడానికి వచ్చింది. ఊరి పేరూ వచ్చింది. అన్న చేతిరాత.

లుయెన్ గట్టు మీద కూర్చున్నాడు.

సీసా మెడకి గొలుసు చుట్టి ఉంది. గొలుసుకొక రేకు బిళ్ళ. బొటనవేలితో మట్టి తుడిచి చదివాడు. మళ్ళీ చదివాడు. ఎవరికీ చూపించకుండా జేబులో వేసుకున్నాడు.

ఎర్ర గుడ్డ మడత విప్పాడు.

ఆ వారం ఊరి మైకులో సంఘం వార్తలు చదివారు. సభ్యుడు బాక్ కాలు నయమైంది. అమరుడు తాక్ నలభై ఏళ్ళకు ఇంటికి చేరాడు. అంతవరకే చదివారు.

న్యామ్ అమ్మ గిన్నె కడిగి బోర్లించింది.

"అంత చోటులో అక్కడేనని ఎలా తెలిసిందిరా?"

"అన్నతోపాటు లోహం పెట్టి పూడ్చారమ్మా. ఎప్పటికైనా యంత్రానికి దొరుకుతుందని."

"మనవాళ్ళకి ఉండదన్నావుగా."

లుయెన్ బిళ్ళ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

దాని మీద పేరు ఖియెత్: నలభై ఏళ్ళ కిందట తాక్‌కి ఎదురుగా తుపాకీ పట్టిన సైన్యంలో సిపాయి, 2012 జూలై 25న ఈ ఇంటి గుమ్మం దిగి మళ్ళీ రానివాడు.