రెండో గొంతు

“తేదీ ఒక్కటీ వదిలేసి మిగతాదంతా అచ్చు వేయించేద్దాం” అంటూ సభ నిర్వాహకుడు పోస్టరు నమూనాను నేల మీద పరిచాడు.

అతను కూర్చున్నది గురువుగారి పరుపు మీద. ముప్ఫయ్యేళ్లుగా ఆ పరుపు మీద మరొకరు కూర్చునే సాహసం చేయలేదు. ఇతనేమో కాళ్లు చాపుకొని, దిండుకు ఆనుకొని, టీ కూడా తాగుతున్నాడు. శిష్యుడికి ఒళ్లు మండింది. అయినా దిగమింగుకున్నాడు. ఇవాళ నిర్వాహకుడితో పనుంది మరి.

పోస్టరులో గురువుగారు నవ్వుతున్నారు. కింద పెద్ద అక్షరాల్లో ‘స్వర నివాళి’ అని ఉంది.

“ఈ ఫోటో మార్చండి. నాన్నగారు ఇందులో మరీ చిక్కిపోయి ఉన్నారు. జనానికి పాత ముఖమే గుర్తుండాలి” అంది గురువుగారి కూతురు. అంటూనే లేచి వెళ్లి కిటికీలు మూసింది. “ఇల్లు ఈ పరిస్థితిలో ఉంటే పాటలేంటని పక్కవాళ్లు అనుకుంటారు.”

“అమ్మగారు కిందికి రారా?” అని అడిగాడు తబలా ఆయన.

“నెలరోజులుగా ఆ గది గడప దాటడం లేదు బాబాయ్. పలకరిస్తే చాలు ఏడుపే. ఈ సభ సంగతి అమ్మ ముందు ఎత్తకండి.”

ఆయన నిట్టూర్చాడు. “ఇంత తొందర నాకేం బాగాలేదమ్మా.”

“తొందర కాదండీ” అంటూ నిర్వాహకుడు కప్పు పక్కన పెట్టాడు. “వేణువు పెద్దాయన పోయినప్పుడు చూశాం కదా! దుఃఖం తగ్గాక పెడదామని వాళ్లబ్బాయి రెండు నెలలు నాన్చాడు. తీరా సభ పెడితే నిండినవి మూడు వరసలు. అందులో ఒక వరస వాళ్ల చుట్టాలే. జనం కళ్లలో తడి వారం రోజులుంటుంది, అంతే. ఆలోపే మనం వేదిక ఎక్కాలి. హాలు వాళ్లు ఏ ఆదివారం అడిగినా ఇస్తామన్నారు.”

ఆ సభకు శిష్యుడూ వెళ్లాడు. ఆ ఖాళీ కుర్చీలు చూశాక, తిరిగొచ్చేటప్పుడు కారులో గురువుగారు దారంతా కళ్లు మూసుకొనే కూర్చున్నారు.

“ఇక పాటలు” అంటూ నిర్వాహకుడు జేబులోంచి కాగితం తీశాడు. “గురువుగారికి పేరు తెచ్చిన ఆ పాట చివర్లో టీవీ అమ్మాయి పాడుతుంది.”

శిష్యుడు ఆ కాగితం లాక్కొని చూశాడు. ఇరవై రెండేళ్లు గురువుగారి వెనక కూర్చొని, ఆయన ఊపిరి తీసుకునే సందుల్లో గొంతు కలిపాడు. అందరూ ‘రెండో గొంతు’ అనేవాళ్లు. ముద్దుగానే అనేవాళ్లు కానీ ఆ పిలుపు ముల్లులా గుచ్చుకునేది. ఆ పాట ఒక్కసారి వేదిక మీద ఒంటరిగా పాడనివ్వమని ఎన్నిసార్లు బతిమాలినా గురువుగారిది ఒకటే మాట: “ఇంకా పండలేదురా, ఆగు.” ఆగి ఆగి జుట్టు నెరిసింది. ఈ సభలో కూడా పాడకపోతే ఇక బతుకంతా రెండో గొంతే.

“ఆ పాట నాది” అన్నాడు.

“మీకు రాదని కాదండీ. ఆ అమ్మాయి పేరుంటే హాలు నిండుతుంది.”

“ఆ అమ్మాయి ఒక్కరోజు ఈ గదిలో కూర్చుందా? ఒక్క తిట్టు తిన్నదా? ఆయన బట్టలు ఉతికిన చేతులివి!”

కూతురు కల్పించుకుంది. “ఒకసారి పాడించి చూడండి. బాగుంటే అన్నయ్యకే ఇద్దాం.”

తబలా ఆయన అయిష్టంగానే తబలా ముందుకు లాక్కున్నాడు. శిష్యుడు కళ్లు మూసుకొని ఎత్తుకున్నాడు. మొదట గొంతు వణికింది. చరణానికి వచ్చేసరికి తెరుచుకుంది. ఇన్నేళ్ల కడుపుమంటంతా ఆ పాటలోకి దిగింది. ముందు ఎవరి వీపూ అడ్డులేకుండా పాడటం ఎంత హాయిగా ఉంటుందో అతనికి ఇప్పుడే తెలిసింది. ఆ హాయికి సిగ్గు కూడా వేసింది, కానీ పాట ఆపలేదు.

ముగిసేసరికి కూతురు కళ్లు తుడుచుకుంటోంది. నిర్వాహకుడు పరుపు దిగి వచ్చి చేతులు పట్టుకున్నాడు.

“ఇక మాట లేదు, పాట మీదే. పోస్టరులో గురువుగారి పక్కన మీ ఫోటో వేయిస్తాను. కింద ‘వారసుడు’ అని.”

శిష్యుడు పోస్టరు వైపు చూశాడు. ఆ ఒక్క ముక్క కోసమే కదా ఇన్నాళ్లూ కాచుకొని కూర్చున్నాడు.

అంతలో మేడమెట్ల మీద అడుగుల చప్పుడైంది. కూతురు గబగబా పోస్టరు చుట్టేసి పరుపు కిందికి తోసింది. అమ్మగారు గోడ పట్టుకొని దిగుతున్నారు. చెదిరిన జుట్టు, నిద్రలేక ఉబ్బిన కళ్లు. ఎక్కడ బావురుమంటారోనని అందరూ తలలు దించుకున్నారు. ఆవిడ నేరుగా శిష్యుడి దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, నెల తర్వాత మొదటిసారి నవ్వారు.

“నీ పాట విని కళ్లు తెరిచారు. రెండో చరణం తప్పు పాడావట, దిద్దుతాను రమ్మంటున్నారు మీ గురువుగారు.”